ఒక్క రాత్రి ట్రెక్‌కి మోసుకెళ్ళే చిన్న చిన్న సుఖాలు: ఎనిమిదేళ్ళ తర్వాత బ్యాగులో మిగిలినవీ, అటకెక్కినవీ

ఆకలి రుచెరగదు నిద్ర సుఖమెరగదు అంటారు కదా, ఆ సామెత కట్టినాయన రోజంతా పది కేజీల బ్యాగు మోసి, రాత్రికి రాళ్ళ నేల మీద పల్చటి ఫోమ్ మ్యాట్ పరుచుకుని, తలకింద బూట్లు పెట్టుకుని పడుకుని ఉండడని నా గట్టి నమ్మకం. నేను పడుకున్నా, నా మొదటి ట్రిప్పులో. సుఖం ఎరగదు సరే, అసలు నిద్ర అనేదే రాలా. పొద్దున లేచేసరికి మెడ ఒక పక్కకి పట్టేసి, దిగే దారంతా ఎడమ వైపు చూడాలంటే మనిషి మొత్తం తిరగాల్సొచ్చింది.

ఆ దెబ్బకి తర్వాతి ట్రిప్పుకి కనిపించిన సుఖమల్లా కొని బ్యాగులో కుక్కా. కుర్చీ, స్పీకరు, కాఫీ సామాను, టెంటులో వేలాడదీసే చిన్న లైట్ల దండ. అది భుజాలు పీకేసరికి రివర్సులో ఇంకో పిచ్చి పట్టుకుంది, తిండి నీళ్ళు గ్యాసు కాకుండా మిగతా బ్యాగు బరువు 4.5 కేజీలు దాటకూడదని (అల్ట్రాలైట్ వాళ్ళు, అంటే బ్యాగు వీలైనంత తేలిగ్గా ఉంచుకుని నడిచేవాళ్ళు, పెట్టుకున్న లెక్క అది), టూత్ బ్రష్ కాడ కూడా విరగ్గొట్టా, నవ్వకండి. ఇప్పుడు రెండు పిచ్చిలూ దిగిపోయాయి. వంటింటి త్రాసు మీద ప్రతిదీ తూచి ఒక నోట్‌బుక్‌లో రాస్తా, ఇంటికొచ్చాక ఏది వాడా ఏది వాడలేదు అని టిక్కు పెడతా. ఎనిమిదేళ్ళలో నలభై పైచిలుకు రాత్రుళ్ళ టిక్కులున్నాయి ఆ పుస్తకంలో, ఇక్కడ రాసేదంతా దాంట్లోంచే.

ముందు దిండు గురించి, ఎందుకంటే దీని మీదే నాకు ఎక్కువ గొడవలు జరిగాయి. దిండెందుకు, జాకెట్ మడిచి బట్టల సంచిలో పెట్టుకుంటే సరిపోద్దిగా అని ప్రతి గ్రూపులో ఒక పెద్దమనిషి అంటాడు. నిజమే, సరిపోద్ది, చలి లేని రాత్రి. చలి వేసిందనుకోండి అర్ధరాత్రి జాకెట్ తీసి తొడుక్కోవాలి, అప్పుడు దిండేది? చలి ఎక్కువున్న రాత్రే నిద్ర ఎక్కువ కావాలి, ఆ రాత్రే దిండు మాయం. అందుకే గాలి ఊదే దిండు కొన్నా, 75 గ్రాములు, మడిస్తే గుప్పిట్లో పడుతుంది. మొదటి రెండు రాత్రులు దాన్ని తిట్టుకున్నా కూడా, తల బెలూన్ మీద పెట్టినట్టు ఇటు పెడితే అటు జారేది. తప్పు దిండుది కాదు నాది, ఊపిరి ఉన్నంతా ఊదేవాణ్ణి. మూడొంతుల్లో రెండొంతులు ఊది, పడుకున్నాక చెవి నేలకి తగలకుండా ఉండేంత వరకు కొంచెం కొంచెం గాలి వదలాలి, అప్పుడు తల దాంట్లో కూర్చుంటుంది. పైన ఒక టీషర్ట్ తొడిగితే చెంపకి ప్లాస్టిక్ అంటుకోదు, జారదు. నాలుగో ఏడు ఒక రాత్రి మూడింటికి మెల్లగా తల నేలకి దిగిపోయింది, ఇంటికొచ్చి సబ్బు నీళ్ళు రాసి చూస్తే కుట్టు పక్కన సూది మొనంత చిల్లు, ప్యాచ్ వేస్తే ఇప్పటికీ నిలబడింది. ఒక్కటే వస్తువు తీసుకెళ్ళు అంటే ఇదే తీసుకెళ్తా.

రెండోదానికి బరువే లేదు. వేడినీళ్ళ సీసా. ఎలాగూ నీళ్ళ సీసా మోస్తాం కదా, పడుకోబోయే ముందు లీటరు నీళ్ళు కాచి దాంట్లో పోసి, మూత బిగించి, తలకిందులుగా పట్టుకుని ఒక నిమిషం చూసి (ఇది మర్చిపోవద్దు, నేను ఒకసారి మర్చిపోయా, స్లీపింగ్ బ్యాగ్ తడిసి మోపెడంటే ఏంటో ఆ రాత్రి అక్షరాలా తెలిసింది) ఒక సాక్సులో దూర్చి స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకోవడమే. అందరూ పాదాల దగ్గర పెడతారు, నేను తొడల మధ్య పెట్టుకుంటా, అక్కడ పెద్ద రక్తనాళాలు పోతాయి కాబట్టి ఒళ్ళంతా తొందరగా వెచ్చబడుతుంది, తర్వాత కాళ్ళతో కిందకి తోసేస్తా. కానీ సీసా గట్టిది ఉండాలి, వెడల్పు మూతి, మరిగే నీళ్ళకి తట్టుకుంటుందని రాసున్నది. కొనే మంచినీళ్ళ పల్చటి సీసాలో పోస్తే అది కళ్ళముందే ముడుచుకుపోతుంది. స్టీలు సీసా కూడా పనికొస్తుంది, కానీ ఒక్క గోడదై ఉండాలి, థర్మస్ లాంటిదైతే వేడి బయటకి రాదు, కౌగిలించుకుని ఏం లాభం. గ్యాసు ఒక పదిహేను గ్రాముల దాకా ఎక్కువ ఖర్చవుతుంది, అదొక్కటే నష్టం. తెల్లారేసరికి నీళ్ళు ఇంకా గోరువెచ్చగా ఉంటాయి, వాటితోనే టీ పెడితే తొందరగా మరుగుతుంది, అంటే ఆ గ్యాసులో కొంత తిరిగొచ్చినట్టే.

దీనికి తోడు మడి సాక్సులు. అంటే రోజంతా నడిచినవి కాదు, రాత్రి పడుకోడానికి మాత్రమే తీసే ఒక జత ఉన్ని సాక్సులు, వదులుగా ఉండాలి, బిగుతుగా ఉంటే రక్తం ఆడక పాదాలు ఇంకా చల్లబడతాయి. వీటిని విడిగా ఒక కవర్లో మూట కట్టి ఉంచుతా, టెంటు బయట కాలు పెట్టే ముందు విప్పేస్తా, ఎవరు అడిగినా అప్పివ్వను. 70 గ్రాములు. వీటి గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు, తీసుకెళ్ళండి అంతే.

ఇప్పుడు కుర్చీ. పెద్ద కథ ఇది. నేను కొన్నది మడిచే రకం, గుడ్డా కడ్డీలూ విడివిడిగా ఉంటాయి, దగ్గర దగ్గర 900 గ్రాములు. అర కేజీ రకాలు కూడా ఉన్నాయని తర్వాత తెలిసింది. కూర్చుంటే స్వర్గం, అందులో అబద్ధం లేదు, రోజంతా నడిచినవాడికి నడుముకి ఆనుడు దొరకడం అంటే మామూలు విషయం కాదు. కానీ నా నోట్‌బుక్ ఏం చెప్తోందంటే, పదిహేడు ట్రిప్పులు మోశాను, అందులో ఆరింట్లో అసలు విప్పలేదు. ఎందుకంటే క్యాంపుకి చీకటి పడ్డాక చేరతాం, టెంటు వేసి వండుకుని తినేసరికి కళ్ళు మూతపడతాయి, పొద్దున చలికి మూట కట్టుకుని బయల్దేరతాం, మధ్యలో కుర్చీలో కూర్చునే టైమేది? పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు. పైగా దాని నాలుగు కాళ్ళూ సన్నవి, ఇసకలోనో తడి నేలలోనో వేస్తే ఒక కాలు దిగిపోయి మనం పక్కకి ఒరుగుతాం, చేతిలో వేడి టీ ఉన్నప్పుడే ఒరుగుతాం అది వేరే సంగతి. ఒకసారి గాలికి ఎగిరి వాలులో దొర్లుకుంటూ పోయింది, దానికోసం చీకట్లో దిగి ఎక్కడానికి అరగంట పట్టింది. సాయంత్రం నాలుక్కే క్యాంపు చేరి రాత్రి దాకా కబుర్లు చెప్పుకునే గ్యాంగైతే మోయండి, తప్పులేదు. మాలాగా పరిగెత్తే బ్యాచ్‌కి దండగ. చివరికి నాతో వచ్చే ఫ్రెండ్‌కి ఇచ్చేశా.

కుర్చీ పోయాక దాని ప్లేసులోకి వచ్చిన మహానుభావుడు ఒక చిన్న ఫోమ్ ముక్క. పిరుదులకి సరిపడా మడత ప్యాడ్, 60 గ్రాములు, బ్యాగు బయట జేబులోకి దూరిపోతుంది. దారిలో ఆగిన ప్రతిచోటా తీస్తా, తడి రాయి మీద, మంచు పడ్డ గడ్డి మీద, ఎక్కడైనా. క్యాంపులో టెంటు గుమ్మం ముందు వేస్తే మోకాళ్ళ మీద పాక్కుంటూ లోపలికి వెళ్ళేటప్పుడు రాళ్ళు గుచ్చుకోవు. రాత్రి మ్యాట్ కింద నడుము దగ్గర పెడితే ఇంకొంచెం చలి ఆగుతుంది. గాలి మ్యాట్‌కి చిల్లు పడ్డ రాత్రి ఒకటుంది, ఆ రోజు దీన్ని తుంటి కింద పెట్టుకుని గడిపా, దిండు 75 గ్రాములే కదా అని మురిసిపోయేవాణ్ణి, చివరికి ఈ 60 గ్రాముల ముక్కే నా పరువు కాపాడింది. టిక్కుల లెక్కన చూస్తే నా బ్యాగులో దీనంత ఎక్కువసార్లు బయటకొచ్చిన వస్తువు నీళ్ళ సీసా తప్ప ఇంకోటి లేదు. ఒక్కటే జాగ్రత్త, స్టవ్ పక్కన పెట్టొద్దు, మూల ఎలా కరిగిందో చూపించడానికి నా దగ్గర సాక్ష్యం ఉంది.

కాఫీ దగ్గర నేను చాలా ప్రయోగాలు చేశా, ఏరోప్రెస్ (చేత్తో నొక్కి కాఫీ దింపే గొట్టం) కూడా మోశా కొన్నాళ్ళు. 2005లో వచ్చిందది, చేసినాయన అలన్ అడ్లర్, ఆయనే అంతకుముందు ఏరోబీ అనే ఎగిరే రింగు కూడా చేశాడు, బొమ్మలు చేసే మనిషి కాఫీలోకి దిగడం నాకు భలే నచ్చుతుంది. కాఫీ బాగా వస్తుంది, ఆ విషయంలో వంక పెట్టను. కానీ పొద్దున వేళ్ళు కొంకర్లు పోతుంటే దాన్ని కడగాలి, పిప్పి అక్కడ పారేయకూడదు కాబట్టి మూట కట్టి మోయాలి, తడి పిప్పి వాసన రెండో రోజంతా బ్యాగులో. ఇప్పుడు ఇన్‌స్టంట్ పొట్లాలే. ఇంకో సంగతి, ఎత్తుకి వెళ్ళేకొద్దీ నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి, సుమారుగా 300 మీటర్లకి ఒక డిగ్రీ లెక్క, 3000 మీటర్ల మీద 90 డిగ్రీలకే తెర్లుతాయి. అందుకే పైన టీ ఆకు ఎంతసేపున్నా సారం సరిగ్గా దిగదు, గ్యాసు పెంచి లాభం లేదు, ఆకు ఎక్కువ వేసి మూత పెట్టి కాసేపు ఎక్కువ ఉంచడమే. కప్పు విషయానికొస్తే టైటానియం కప్పు తేలికే గానీ అంచు పెదవి కాలుస్తుంది, రెండు గోడల కప్పు పెదవి కాల్చదు కానీ దాన్ని పొరపాటున కూడా స్టవ్ మీద పెట్టకూడదు, గోడల మధ్య మూసుకుపోయిన గాలి వేడికి పెరిగి పగిలే ప్రమాదం ఉంది. నేను ఒక గోడ కప్పే ఉంచుకుని, చల్లారేదాకా అరచేతులు కాచుకుంటా.

చెవుల్లో పెట్టుకునే ఫోమ్ బిళ్ళలు రెండు గ్రాములు. పక్క టెంటు గురక, గాలికి టెంటు గుడ్డ టపటపా, ఎలక ఆకుల్లో తిరిగితే ఎలుగుబంటి అనిపించే మన మనసు, మూడింటికీ ఒకే మందు. ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం ఒక చెవికే పెట్టుకుంటా, రెండూ మూసుకోడానికి ధైర్యం చాలదు.

స్నానం లేని రాత్రికి ఒక చిన్న గుడ్డ ముక్క, 25 గ్రాములు. కప్పుడు వేడినీళ్ళల్లో తడిపి ముఖం, మెడ, చంకలు, చివరగా పాదాలు, ఈ వరసలోనే అని ప్రత్యేకంగా చెప్పక్కర్లేదనుకుంటా. ఒంటి మీద చెమట ఉప్పు పోతే నిద్ర ఎంత తేడాగా పడుతుందో, స్లీపింగ్ బ్యాగ్ కూడా కంపు కొట్టదు. వెట్ వైప్స్ వాడేవాణ్ణి ముందు, వాటిలో చాలావాటిలో ప్లాస్టిక్ పోగులుంటాయి, పాతిపెడితే పోవు, తిరిగి మోసుకురావాల్సిందే, తడిగా బరువు కూడా. ఇంకోటి, సీసా మూతికి బిగించే చిన్న పిచికారీ మూత ఒకటి దొరుకుతుంది, 20 గ్రాములు, టాయిలెట్ పేపర్ గొడవ మొత్తం వదిలిపోతుంది. దొడ్డికి తవ్వే గుంట మాత్రం పదిహేను ఇరవై సెంటీమీటర్ల లోతు ఉండాలి, వాగుకీ క్యాంపుకీ రెంటికీ 60 మీటర్ల దూరంలో ఉండాలి, అది సుఖం కాదు మర్యాద.

మిగతావి చకచకా చెప్పేస్తా. క్యాంపు చెప్పులు, వాగు దాటే దారైతే సరే, లేకపోతే బూట్ల లేసులు వదులు చేసుకుంటే చాలు. బ్యాగుకి వేలాడదీస్తే పొదల్లో ఒకటి ఊడిపోతుంది, రెండోది ఏం చేసుకుంటాం. లైట్ల దండ అటకెక్కింది, హెడ్ ల్యాంప్‌ని నీళ్ళ సీసాకి ఆనించి లోపలికి వెలుగు పడేలా కడితే టెంటంతా పరుచుకుంటుంది. హెడ్ ల్యాంప్‌కి ఎర్ర లైటుంటే అదే వాడండి, తెల్ల లైటు ఒక్కసారి కళ్ళల్లో పడితే చీకటికి మళ్ళీ అలవాటు పడటానికి ఇరవై ముప్పై నిమిషాలు, ఆ లోపు నక్షత్రాలు చూడటం అయినట్టే. చదివే రీడర్ 200 గ్రాములు, మోసిన తొమ్మిది సార్లలో కలిపి చదివింది పదకొండు పేజీలు. పవర్ బ్యాంక్ ఒక్క రాత్రికి అక్కర్లేదు, ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి స్లీపింగ్ బ్యాగ్ లోపల పడుకోబెడితే చాలు, చలికి బ్యాటరీ నీరసపడుతుంది, బయట వదిలితే పొద్దునకి సగం చూపిస్తుంది. స్పీకర్ గురించి మాట్లాడను. అడవిలో పక్కోడి పాట వినాల్సొచ్చినవాళ్ళకి నా మౌనం అర్థమవుతుంది.

మొత్తం కూడితే ఇప్పుడు నా సుఖాల సంచి 252 గ్రాములు. దిండు, ఫోమ్ ముక్క, సాక్సులు, చెవి బిళ్ళలు, గుడ్డ, పిచికారీ మూత. కుర్చీ బరువులో మూడో వంతు కూడా లేదు. ఆ కుర్చీని మావాడు ఇప్పటికీ ప్రతి ట్రిప్పుకీ మోస్తున్నాడు, అనవసరం రా అని చెప్పి చెప్పి వదిలేశా. వాడు నీళ్ళు తేవడానికి వాగు దగ్గరికి వెళ్ళినప్పుడల్లా మాత్రం దాంట్లో నేనే కూర్చుంటా, ఈ మధ్య నీళ్ళు త్వరగా అయిపోతున్నాయేంట్రా అని అడుగుతున్నాడు.