అయుత్థయలో అద్దె సైకిల్

థాయ్‌లాండ్ వెళ్లే మా కడపవాళ్లు ఎవరడిగినా, అక్కడి పాత రాజధాని అయుత్థయను సైకిల్ మీదే చూడమంటాను. స్టేషన్ దగ్గరి షాపులో రోజుకు 50 బాత్‌లకు ఇచ్చారు. బ్రేకులు బాగున్నాయి, సీటే మరీ గట్టి. ఊరు మూడు నదుల మధ్య దీవి. నేలంతా చదును, తొక్కడం తేలిక.

1350లో వెలసిన ఈ రాజధానికి మన అయోధ్య పేరే పెట్టుకున్నారు. 1767లో బర్మా సైన్యం తగలబెట్టింది. వాట్ మహాథాట్ గుడిలో చెట్టువేళ్లు చుట్టేసిన బుద్ధ విగ్రహం తల ఉంది. దానికంటే ఎత్తున నిలబడి ఫోటో దిగకూడదు, కింద కూర్చోవాలి. కూర్చున్నాను, చాలాసేపు లేవబుద్ధి కాలేదు. గండికోటలో కూలిన గోడల దగ్గర కూడా నాకిలాగే గుండె బరువెక్కుతుంది.

ఎండ మన ఎండలా కాదు, ఉక్కపోత. ఉదయం ఏడింటికే బయలుదేరండి. తాళం అడిగి తీసుకోండి, నాకు ఇవ్వడం మరిచిపోయారు. గుడి గుడికీ సైకిల్ వదిలి వెళ్లాలంటే టెన్షనే.