గుడ్డ తొడుగు విమానానికి వేసిన రంగు: 11 ఏళ్ల వాడకం తర్వాత

స్వయంగా నిర్మించుకున్న రెండు సీట్ల విమానానికి గుడ్డ తొడిగి రంగు వేసి ఈ ఏడాదితో 11 ఏళ్లు నిండాయి. మొదటి మూడేళ్లు అది ఆరుబయట తాళ్లతో కట్టిన చోటే ఎండకు ఎండి వానకు తడిసింది. ఆ తర్వాతే హ్యాంగర్‌లోకి చేరింది. రెక్కలకు, తోకకు అడుగు నుంచి పైరంగు దాకా వినైల్ ఆధారిత పూతలే వాడాను. ఫ్యూజిలాజ్‌కు (విమానం మొండేనికి) మాత్రం, అద్దంలాంటి మెరుపు మీది మోజుతో, అల్యూమినియం పొడి కలిపిన వెండిపూత వరకు అదే పద్ధతి పాటించి పైన రెండు భాగాలు కలిపి వేసే పాలీయురేథేన్ రంగు వేశాను. అలా అనుకోకుండా ఒకే విమానం మీద, ఒకే గుడ్డ మీద రెండు రకాల రంగుల ఓర్పును పక్కపక్కనే చూసే అవకాశం దొరికింది.

రంగు సంగతికి ముందు గుడ్డ సంగతి చెప్పాలి. నేను వాడినది విమానాలకోసమే నేసిన పాలియెస్టర్ గుడ్డ. దాన్ని చట్రానికి అతికించి ఇస్త్రీ పెట్టెతో వేడి చేస్తే ముడుచుకుని బిగుసుకుంటుంది. ఈ పని ఒక్కసారిగా కాక మూడు మెట్లలో, సుమారు 121, 149, 177 డిగ్రీల సెల్సియస్ వద్ద జరగాలి. చివరి మెట్టు దాటి వేడి చేస్తే గుడ్డ బిగువు పెరగకపోగా సడలిపోతుంది. ఇస్త్రీ పెట్టె మీది అంకెలను నమ్మకూడదు. థర్మామీటరుతో కొలిచి చూసినప్పుడు నా పెట్టె గుండ్రని మీట చూపినదానికీ అసలు వేడికీ ఏ పొంతనా లేదు. పాత పద్ధతిలో గుడ్డకు పూసే బ్యూటిరేట్ డోప్ అనే పూత ఏళ్ల తరబడి ముడుచుకుంటూనే ఉండి గుడ్డను అతిగా లాగి, చివరికి తానే పగిలేది. వినైల్ పూతలు గుడ్డను బిగించవు, బిగువంతా ఇస్త్రీదే. అందుకే అక్కడ తొందరపడిన తప్పును తర్వాత ఏ రంగూ దిద్దలేదు.

మొదటి పూత విషయంలో నేను చేసిన తప్పు ఒకటి ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటుంది. ఈ పూతను కుంచెతో రుద్ది పడుగు పేకల మధ్యకు దింపాలి, ప్రతి పోగునూ అది చుట్టుకోవాలి. రెండు రెక్కలకూ అలాగే చేశాను. అప్పటికి చేతులు నొప్పెట్టి, ఎడమ అయిలరాన్‌కు (రెక్క వెనక అంచున కదిలే పలకకు) మాత్రం స్ప్రే గన్‌తో కొట్టేశాను. చూపుకు తేడా ఏమీ తెలియలేదు. నాలుగో ఏట పక్కనున్న గీతను సరిచేయడానికి అంటించిన మాస్కింగ్ టేపును ఊడదీస్తే, దానితోపాటు వెండిపూత, పైరంగు అరచేయంత వెడల్పున పెచ్చుగా లేచివచ్చాయి. కింద గుడ్డ కొత్తదానిలా తెల్లగా కనిపించింది. పూత దాని మీద కూర్చుందే గాని లోపలికి దిగలేదు. ఆ అయిలరాన్‌ను మొత్తంగా విప్పి మళ్లీ గుడ్డ తొడగాల్సి వచ్చింది.

వెండిపూతను చాలామంది ప్రైమర్‌లా చూస్తారు, నిజానికి విమానం ఆయుష్షు ఉన్నది అందులోనే. పాలియెస్టర్‌కు తేమ అంటే భయం లేదు, బూజు పట్టదు. దాని శత్రువు సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు. వెండిపూతలోని అల్యూమినియం రేకులు ఆ కిరణాలను గుడ్డ దాకా చేరనివ్వవు. ఈ పొడి డబ్బా అడుగున ముద్దలా పేరుకుంటుంది కాబట్టి, అడుగు గీరి బాగా కలిపి, వడకట్టి, పిచికారీ చేస్తున్నంతసేపూ మధ్యమధ్య కదుపుతూ ఉండాలి. కలపకుండా పైతేట మాత్రం కొడితే రంగు వెండిలా కనిపించవచ్చు, రక్షణ ఉండదు. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కలిపి ఒక పూతగా లెక్కవేసి నేను మూడు పూతలు వేశాను. చీకటి పడ్డాక రెక్క లోపల బల్బు వెలిగించి బయటి నుంచి చూడడమే దీనికి పరీక్ష: ఎక్కడ వెలుగు కనబడితే అక్కడ పూత చాలలేదన్నమాట. రెండో పూత తర్వాత ఉప్పుకాగితంతో తేలికగా రుద్దేటప్పుడు రిబ్బుల (రెక్క లోపలి అడ్డపట్టీల) అంచుల జోలికి పోవద్దని ముందే తెలిసినా ఒకచోట చేయి జారింది. పోగులు తెగిన ఆ చోట మాసిక వేశాను.

పైరంగుగా వినైల్ విషయానికొస్తే, నా మార్కులు దీనికే ఎక్కువ. గాలిలో తేమ ఎక్కువైన రోజున పిచికారీ చేస్తే థిన్నర్ ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరచి, తేమ చేరి, రంగు పాలు చల్లినట్లు తెల్లబారుతుంది. మెల్లగా ఆరే థిన్నర్ కలిపి మళ్లీ ఒక పలుచని పూత వేస్తే అది పోతుంది. ఆరిన తర్వాత మిగిలేది గుడ్డిగాజులాంటి మందమెరుపు. కొత్తలో అది నాకు పేలవంగా తోచింది, ఇప్పుడు అదే ఇంపుగా ఉంది. 11 ఏళ్లలో తెలుపు దాదాపు అలాగే ఉంది, కొంచెం సున్నంలా పొడిబారినా తుడిస్తే తేరుకుంటుంది. ఎరుపు గీత మాత్రం ఎండ పడే పైవైపున ఇటుక రంగుకు దిగింది. దీనికి ఉన్న పెద్ద లోపం పెట్రోలు. రెక్క మీది ఇంధనపు మూత చుట్టూ పడిన చుక్కలను వెంటనే తుడవకపోతే రంగు మెత్తబడి, వేలిముద్ర కూడా అందులో నిలిచిపోతుంది. అక్కడ ఇప్పటికి మూడుసార్లు రంగు వేశాను.

అయితే ఆ మెత్తబడే గుణమే మరమ్మతు వేళ వరమైంది. ల్యాండింగ్‌లో చక్రం విసిరిన గులకరాయి తోక అడుగుభాగాన్ని చీల్చినప్పుడు, చిరుగు చుట్టూ ఎంఈకే (మిథైల్ ఇథైల్ కీటోన్) అనే ద్రావకంతో రంగును కరిగించి, గుడ్డ దాకా శుభ్రం చేసి, మాసిక అతికించి, పూతలన్నీ తిరిగి వేశాను. కొత్త రంగు పాతదానిలో కరిగి కలిసిపోయింది. పనంతా రెండు సాయంత్రాల్లో అయింది, మాసిక ఎక్కడుందో తెలియాలంటే వేలితో తడిమి చూడాల్సిందే.

పాలీయురేథేన్ మొదటి నాలుగేళ్లు నన్ను గర్వంతో ఉబ్బించింది. పెట్రోలు, నూనె, ఎగ్జాస్టు మసి ఏదైనా గుడ్డముక్కతో తుడిస్తే పోయేది. గుడ్డ కదిలే వస్తువు కనుక రంగులో సాగే గుణం తెచ్చే ద్రవాన్ని కలిపే వేశాను. అయినా ఐదో ఏటి నుంచి కాక్‌పిట్‌లోకి ఎక్కేటప్పుడు చేయి ఆనే చోట, రాళ్లు తగిలిన చోట గుండ్రటి పగుళ్లు, నీటిలో రాయి వేసినప్పుడు లేచే అలల్లా, ఒకదాని చుట్టూ ఒకటి కనిపించసాగాయి. పైరంగు పగిలినచోట వెండిపూత కూడా పగిలింది. ఆ సన్నని గీత వెంట ఎండ నేరుగా గుడ్డను తాకుతుంది. బాగు చేద్దామంటే ఈ రంగు ఎంఈకేకు లొంగదు. గుడ్డను తెగనీయకుండా ఉప్పుకాగితంతో ఓపికగా గీరాల్సిందే. అరచేయంత చోటుకు నాకు ఒక ఆదివారం పట్టింది, అతుకు ఇప్పటికీ దూరం నుంచి కనిపిస్తుంది. ఇంకొక మాట: ఈ రంగులోని ఐసోసయనేట్లనే హానికర రసాయనాల నుంచి బొగ్గు ఫిల్టరు మాస్కు సరిపడా కాపాడదు, బయటి నుంచి స్వచ్ఛమైన గాలి అందించే ముసుగు తప్పనిసరి. నేను దాన్ని అద్దెకు తెచ్చి వాడాను.

ఎక్కడ రంగు వేసినా బరువు పెరుగుతుంది, అందులో అయిలరాన్లు, తోకలో కదిలే పలకలైన ఎలివేటర్, రడ్డర్ల మీద పెరిగేది ప్రమాదకరం. కీలుకు వెనకవైపు బరువు పెరిగితే వేగంలో అవి కొట్టుకోవడం మొదలుపెట్టవచ్చు. కొత్త అయిలరాన్‌కు రంగు వేశాక సమతూకం మళ్లీ చూస్తే వెనక్కి ఒరిగింది, ముందువైపు సీసం కలపవలసి వచ్చింది. అలాగే అడుగున నీరు కారే చిన్న రంధ్రాలను రంగుతో మూసేయకండి. నేను మూసిన ఒక్క రంధ్రం దగ్గరే ఉక్కు గొట్టం తుప్పుపట్టింది.

గత ఏడాది తనిఖీలో గుడ్డ బలాన్ని గుచ్చి చూసినప్పుడు రెక్కల పైభాగం, ఆరుబయట గడిపిన మూడేళ్లతో సహా, నిశ్చింతగా నిలిచింది. ఫ్యూజిలాజ్‌లో పగుళ్లు లేనిచోట్లా అదే ఫలితం వచ్చింది. పగుళ్లు గుంపుగా ఉన్న కాక్‌పిట్ పక్క పలకకు మాత్రం గుడ్డ మార్చాలని నిర్ణయించుకున్నాను, దానికి వినైల్ పైరంగే వేస్తాను. మిగతా ఫ్యూజిలాజ్‌తో మెరుపు కలవదు, ఆ తేడాతోనే ఎగురుతుంది.