కెమెరాలతో సింగపూర్ వెళ్ళి విశాఖలో దిగేవరకు: కస్టమ్స్ దగ్గర మా అనుభవం

2019లో ఒక విదేశీ ప్రయాణం ముగించుకుని మరో నగరపు విమానాశ్రయంలో దిగినప్పుడు, విశాఖలో డాబాగార్డెన్స్‌లో కొనుక్కున్న నా కెమెరా నాదేనని నిరూపించుకోవడానికి రెండు గంటలకు పైగా నిలబడవలసి వచ్చింది. బిల్లు ఇంట్లో బీరువాలో ఉంది. మా తమ్ముడు తాళాలు వెతికి, బీరువా తీసి, బిల్లును ఫోటో తీసి పంపేసరికి విశాఖ రావలసిన విమానం వెళ్ళిపోయింది. ఆ అధికారిని నేను తప్పుపట్టలేదు. కొత్తదానిలా మెరుస్తున్న కెమెరా, చేతిలో ఒక్క కాగితమూ లేని మనిషి ఎదుట నిలబడితే ఎవరికైనా అనుమానం వస్తుంది. అయితే ఆ రాత్రి కుర్చీలో కూర్చుని గడిపిన గంటలు నాకు ఒక సంగతి స్పష్టం చేశాయి. తిరిగి వచ్చేటప్పుడు కస్టమ్స్‌లో పడే ఇబ్బందికి మూలం చాలావరకు బయలుదేరేటప్పుడు మనం చేయకుండా వదిలేసిన పనిలోనే ఉంటుంది.

అందుకే 2024 డిసెంబరులో నేను, నా భార్య, పదహారేళ్ళ మా అబ్బాయి కలిసి సింగపూర్‌లోని అక్క దగ్గరికి వెళ్ళాలనుకున్నప్పుడు, టికెట్ల కంటే ముందు సామాను జాబితా రాసుకున్నాను. తేలినీలాపురంలోనూ కొండకర్ల ఆవ దగ్గరా పక్షులను ఫోటో తీయడం నాకు పాతికేళ్ళ అలవాటు. కాబట్టి రెండు కెమెరాలు, మూడు లెన్సులు, ఒక పాత లాప్‌టాప్ తప్పనిసరి. ప్రతిదాని సీరియల్ నంబరూ ఒక కాగితం మీద రాసి, దొరికిన బిల్లులన్నిటికీ నకళ్ళు తీయించాను. లెన్సుల మీద నంబరు ఎక్కడుంటుందో చాలామందికి తెలియదు. నా లెన్సులలో రెండింటికి అది కెమెరాకు బిగించే లోహపు వలయం పక్కన ఆవగింజంత అక్షరాలతో చెక్కి ఉంది. భూతద్దం పెట్టి చదివి రాసుకోవడానికి ఒక సాయంత్రం పట్టింది.

విశాఖ విమానాశ్రయానికి మేము విమానం వేళకు మూడున్నర గంటల ముందే చేరుకున్నాము. ఆ ఏడాది ఇక్కడి నుంచి సింగపూర్‌తో పాటు బ్యాంకాక్‌కు, కౌలాలంపూర్‌కు కూడా నేరుగా విమానాలు నడిచాయి. అయినా ఒక వేళకు ఒక విదేశీ విమానమే కాబట్టి, హైదరాబాదు శంషాబాదులో ఉండే రద్దీ ఇక్కడ కనబడలేదు. చెక్-ఇన్ కౌంటరులో పెద్ద పెట్టెలు ఇవ్వక ముందే ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ కావాలని అడిగితే కస్టమ్స్ అధికారి దగ్గరకు పంపారు. విలువైన వస్తువును ఇక్కడి నుంచే తీసుకువెళుతున్నామని, తిరిగి తెచ్చుకున్నప్పుడు దానిమీద సుంకం అడగనక్కరలేదని చెప్పే ధ్రువపత్రం అది. వస్తువును కళ్ళతో చూడకుండా దానిని ఇవ్వరు. కాబట్టి సర్టిఫికెట్ కావలసిన సామాను పెట్టెలో పెట్టి బెల్టు మీద పంపేస్తే ఆ అవకాశం పోయినట్టే.

అధికారి కెమెరాను తలకిందులు చేసి, మొబైల్ ఫోను దీపం దగ్గరగా పట్టుకుని, అడుగున అతికించిన చీటీలోని నంబరును ఒక్కొక్క అంకె పైకి చదివారు. నేను నా కాగితంలో దానిని చూసి అవునన్నాను. ఒక లెన్సు దగ్గర ఆయన ఎనిమిది అనుకున్నది నిజానికి మూడు. ఇద్దరం మళ్ళీ చూసి సరిచేశాము. ఆ ఒక్క అంకె తప్పుగా పడి ఉంటే ఆ కాగితం వల్ల ప్రయోజనం ఉండేది కాదు. మొత్తం పని అరగంటలో అయింది. ఇదే అరగంట 2019లో వెచ్చించి ఉంటే ఆ రాత్రి అలా గడిచేది కాదు.

కెమెరాలు పట్టుకు తిరిగేవారికి ఇక్కడ మరొక మాట చెప్పాలి. విశాఖ విమానాశ్రయం నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్ డేగా స్థావరంలో ఉంది. రన్‌వే వైపు, ఆ పరిసరాల వైపు కెమెరా తీయకూడదు. సంచి మూసి ఉంచడమే మర్యాద.

బ్యాటరీల విషయంలో మా అబ్బాయి దాదాపు పొరపాటు చేశాడు. పవర్ బ్యాంకును బట్టల మధ్య పెట్టెలో సర్దాడు. విడి లిథియం బ్యాటరీలు, పవర్ బ్యాంకులు చేతి సంచిలోనే ఉండాలి, అదీ 100 వాట్-అవర్ల (బ్యాటరీలో నిలవ ఉండే శక్తికి కొలత) లోపు వాటికే పేచీ లేదు. 20,000 ఎంఏహెచ్ అని రాసి ఉన్నది 74 వాట్-అవర్లకు సమానం కాబట్టి సరిపోతుంది. కెమెరా విడి బ్యాటరీల కొనలకు టేపు అంటించి, ఒక్కొక్కటి వేరువేరు సంచిలో పెట్టాను.

సింగపూర్ చాంగీ విమానాశ్రయంలో దిగాక కస్టమ్స్ దగ్గర మమ్మల్ని ఎవరూ ఆపలేదు. వాడుకలో ఉన్న సొంత వస్తువుల మీద అక్కడ పన్ను ఉండదు. అక్కవాళ్ళ ఇంట్లో రెండే గదులు కావడంతో మొదటి మూడు రాత్రులు లిటిల్ ఇండియాలో ఒక లాడ్జిలో ఉన్నాము. ఎక్స్‌పో స్టేషనులో మెట్రో మారితే నేరుగా అక్కడ దిగవచ్చు. సెరంగూన్ రోడ్డు మీద ఇడ్లీ, పొంగలి, అన్నం భోజనం దొరుకుతాయి కాబట్టి మా ఆవిడకు తిండి గురించి బెంగ లేకపోయింది. గది మాత్రం పెట్టెలు తెరిస్తే కాలు పెట్టలేనంత చిన్నది. పైగా తాళంపెట్టె లేకపోవడంతో కెమెరా సంచిని ఎక్కడికి వెళ్ళినా భుజాన మోయవలసి వచ్చింది. ఖరీదైన సామాను ఉన్నవారు గది తీసుకునేటప్పుడు తాళంపెట్టె ఉందా అని ముందే అడిగి తెలుసుకోవడం మంచిది. సుంగై బులో చిత్తడి నేలల్లో గడిపిన ఉదయం గురించి వేరే రాయవలసినంత ఉంది, ఇక్కడ దాని జోలికి వెళ్ళను.

కొనుగోళ్ళకు సిమ్ లిమ్ స్క్వేర్, ఫునాన్, ముస్తఫా సెంటర్ మూడూ తిరిగాము. బేరం ఆడే ఓపిక ఉంటే మొదటిది, వరుసగా అమర్చిన దుకాణాల్లో నింపాదిగా చూడాలంటే రెండోది, ఒకే చోట నగల నుంచి చార్జర్ల దాకా కావాలంటే మూడోది. ఒక చిన్న దుకాణంలో లెన్సుకు ఒక ధర చెప్పి, డబ్బు తీసే వేళకు దాని మూతకూ సంచికీ వేరే ధర కలిపారు. వద్దని బయటకు వచ్చేశాను. చివరకు వేరొక చోట స్థిరమైన ధరకు, 1,780 సింగపూర్ డాలర్లకు, దూరపు వస్తువులను దగ్గరగా చూపే ఒక టెలిఫోటో లెన్సు కొన్నాను. మా అబ్బాయి చదువుకోసం ఒక కొత్త లాప్‌టాప్ కూడా తీసుకున్నాము.

సింగపూర్‌లో 2024 జనవరి నుంచి జీఎస్టీ 9 శాతం. పర్యాటకులకు 100 సింగపూర్ డాలర్లు, అంతకు మించిన కొనుగోళ్ళ మీద దానిని తిరిగి ఇచ్చే ఏర్పాటు ఉంది. ఆ ఏర్పాటులో ఉన్న దుకాణంలోనే కొనాలి, కొన్నప్పుడే పాస్‌పోర్టు చూపించాలి. చాంగీలో యంత్రం ముందు నిలబడి పాస్‌పోర్టు పెడితే కొనుగోళ్ళు తెర మీద కనబడతాయి. వస్తువును పెట్టెలో పంపదలచుకుంటే, పెట్టె ఇవ్వక ముందే ఈ పని చేయాలి, ఎందుకంటే అక్కడి అధికారులు వస్తువు చూపించమనవచ్చు. మేము రెండూ చేతి సంచుల్లోనే ఉంచుకున్నాము. మొత్తం ఏడెనిమిది నిమిషాలు పట్టింది. నేను వాడిన ప్రభుత్వ సేవల్లో ఇంత సాఫీగా సాగినవి తక్కువ.

ఇక అసలు ఘట్టం విశాఖలో. సామాను బెల్టు దగ్గరే తోటి ప్రయాణికులొకరు, లెన్సు అట్టపెట్టె పారేసి మెడలో వేసుకుని, సుంకం కట్టవలసిన వస్తువులేవీ లేనివారు వెళ్ళే గ్రీన్ ఛానల్‌లో నడిచిపొండి అని సలహా ఇచ్చారు. మంచి మనసుతోనే చెప్పారు, కానీ ఆ సలహా తప్పు. పెట్టె పారేసినంత మాత్రాన కొత్త వస్తువు పాతది కాదు. పట్టుబడితే సుంకంతో పాటు జరిమానా, వస్తువు జప్తు కూడా ఎదుర్కోవలసి వస్తుంది. నేను బిల్లు చేత్తో పట్టుకుని, సుంకం కట్టవలసినవారు వెళ్ళే ఎర్ర ఛానల్ వైపు నడిచాను.

మా లెక్క ఒకటి అక్కడ తప్పింది. అప్పటి నియమాల ప్రకారం విదేశం నుంచి వచ్చే ఒక్కొక్కరికీ 50,000 రూపాయల వరకు సుంకం లేదు కనుక, ముగ్గురికీ కలిపి లక్షన్నర ఉందిలే అనుకున్నాను. ఒకరి మినహాయింపును మరొకరి దానితో కలపడానికి వీల్లేదని అధికారి ఓపికగా వివరించారు. లెన్సు ఒకటే వస్తువు, తెచ్చినది నేను, కాబట్టి మినహాయింపు 50,000 మాత్రమే. లెన్సు విలువ 1,12,000గా లెక్కించి, మిగిలిన 62,000 మీద 38.5 శాతం, అంటే 23,870 రూపాయలు సుంకం వేశారు. లాప్‌టాప్ సంగతి వేరు. పద్దెనిమిదేళ్ళు నిండిన ప్రయాణికుడు ఒక్కొక్కరు ఒక లాప్‌టాప్‌ను ఈ 50,000తో సంబంధం లేకుండా సుంకం లేకుండానే తెచ్చుకోవచ్చు. మా అబ్బాయి చేతిలో ఉండి ఉంటే అది వర్తించేది కాదు. నా భార్య పేరున బిల్లు తీసుకుని, ఆమె సంచిలో ఉంచడం వల్ల ఏ ప్రశ్నా రాలేదు. నా పాత కెమెరాలకు ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ చూపించగానే నంబర్లు సరిచూసి పక్కన పెట్టారు. కార్డుతో సుంకం కట్టి రశీదు తీసుకోవడంతో సహా అంతా నలభై నిమిషాల్లో ముగిసింది.

మా వెనకే ఒక కుటుంబం పెద్ద టీవీ పెట్టె తోసుకు వచ్చింది. పలచటి తెర ఉన్న టీవీలకు 2013 ఆగస్టు నుంచి ఉచిత మినహాయింపే లేదు, మొత్తం విలువ మీద సుంకం కట్టాలి. ఆ పెద్దాయన ముఖం చూస్తే బాధ కలిగింది. అలాగే డ్రోన్లను 2022 ఫిబ్రవరి నుంచి విదేశాల నుంచి తేవడం నిషేధం. పక్షుల ఫోటోల వాళ్ళకు డ్రోన్ మీద ఆశ ఉంటుంది కనుక చెబుతున్నాను. అనుమతి లేని శాటిలైట్ ఫోను సంగతైతే సుంకంతో తేలేది కాదు, కేసు అవుతుంది.

డబ్బు లెక్కలో చూస్తే, తిరిగి వచ్చిన జీఎస్టీ పోను లెన్సు నాకు 1,27,000 దాకా పడింది. విశాఖలో అదే లెన్సుకు చెప్పిన ధర 1,31,000. నాలుగు వేల కోసం బరువు మోసి, వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదోనన్న ఆలోచన తలకెత్తుకోవడం సరైన నిర్ణయం కాదని నా అభిప్రాయం. లాప్‌టాప్ మాత్రం నిజంగా కలిసివచ్చింది. 2026 ఫిబ్రవరి 2 నుంచి అమలైన కొత్త నియమాలలో 50,000ను 75,000కు పెంచారు కనుక లెన్సు లెక్క ఇప్పుడు కొంత మారుతుంది. లాప్‌టాప్ వెసులుబాటు అలాగే ఉంది.

రాత్రి దిగాక శ్రీకాకుళం, విజయనగరం వైపు వెళ్ళవలసినవారు ఆ వేళకు రోడ్డెక్కకుండా, ఎన్ఏడీ కూడలి దగ్గర గది తీసుకుంటే హాయి. విమానాశ్రయానికి నాలుగైదు కిలోమీటర్లే. మేము మాత్రం ఇంటికి వెళ్ళి, ఆ సుంకం రశీదును, లెన్సు బిల్లును కలిపి లామినేషన్ చేయించాము. మరుసటి ఏడాది బ్యాంకాక్ వెళ్ళేటప్పుడు ఆ రెండూ చూపించగానే అదే లెన్సుకు ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ పది నిమిషాల్లో చేతికి వచ్చింది.