అత్తయ్యతో బీచ్ రోడ్డు మ్యూజియాలు: పదిహేను వందల్లో ఒక ఆదివారం

కిందటిసారి విశాఖ బీచ్ రోడ్డుకి తెలివితక్కువగా సోమవారం వెళ్ళాం. గేటుకి తాళం చూసి, బీచ్‌లో ముంత మసాలా తిని విజయనగరం తిరిగొచ్చేశాం. అక్కడి కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియానికి సోమవారం సెలవని అప్పుడు తెలిసింది. ఈసారి ఆదివారం పొద్దున్నే బస్సెక్కాం. నేను, ఎనిమిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి, డెబ్బై రెండేళ్ళ మా అత్తయ్య. డబ్బాలో పులిహోర, రెండు సీసాల నీళ్ళు. బస్సు ఛార్జీలు, టికెట్లు, సాయంత్రం టిఫిన్ అన్నీ కలిపి ముగ్గురికీ పదిహేను వందలు దాటలేదు. అందులో దండగ ఖర్చంటే విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఎక్కిన ఆటో. సిటీ బస్సెక్కి ఉంటే ఆ డబ్బుతో ముగ్గురం ఐస్‌క్రీం తినేవాళ్ళం.

ముందు సబ్‌మెరైన్. ఐఎన్ఎస్ కురుసుర 1969లో సోవియట్ యూనియన్ నుంచి మన నేవీకి వచ్చింది. 1971 యుద్ధంలో అరేబియా సముద్రంలో గస్తీ కాసింది. 2001లో రిటైరైతే ఒడ్డుకి లాగి, 2002లో మ్యూజియం చేశారు. పొడవు 91 మీటర్లు. బయట నుంచి చూస్తే కొండంత ఉంటుంది, లోపలికి వెళ్తే అరడజను ఇరుకు వంటగదులు వరసగా అతికించినట్టుంటుంది. అందులో 75 మంది. మాకు దొరికిన గైడు నేవీలో పనిచేసి వచ్చిన పెద్దమనిషి. టార్పెడోల లెక్కలు గబగబా చెప్పేసి, అక్కడి బతుకు దగ్గర మాత్రం తీరిగ్గా ఆగాడు. మంచినీళ్ళకి కొలత, స్నానం ఊసే లేదు. ఒకరు డ్యూటీకి లేస్తే ఇంకొకరు అదే పరుపు మీద వాలిపోవడం. వంట చేసే చోటు చూపించగానే అత్తయ్య అక్కడే నిలబడిపోయింది. "ఇంత గూట్లో అంతమందికి వండేవోళ్ళా బాబూ?" అని గైడునే అడిగింది. ఆయన నవ్వి, చపాతీలు కూడా చేసేవాళ్ళమమ్మా అన్నాడు.

పెద్దవాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళకి ఒక మాట. గదికీ గదికీ మధ్య గుండ్రటి కంతల్లాంటి తలుపులుంటాయి. కాలెత్తి, తల వంచి, నడుం మడిచి దూరాలి. వెనక జనం తోసుకొస్తుంటే మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి టెన్షనే. అత్తయ్య కుచ్చిళ్ళు ఎత్తిపట్టి, ఒక్కో తలుపు దగ్గరా ఒక్కో దేవుణ్ణి తలుచుకుంటూ అన్నీ దాటింది. తెరిచే వేళకే వెళ్ళండి. మేం బయటికొచ్చేసరికి లైను రోడ్డు దాకా ఉంది.

రోడ్డుకి అవతల టీయూ-142 విమానం. 1988 నుంచి 2017 దాకా మన నేవీలో ఈ రకం విమానాలు సముద్రం మీద నిఘా పెట్టాయి. ఒక్కో ఇంజనుకి రెండేసి పంకాలు, ఒకటి ఇటు తిరిగితే ఇంకోటి అటు. మావాడికి ఇదే నచ్చింది, గంటసేపు కదల్లేదు. నాకు లోపలి మీటర్ల కన్నా బయట దాని రెక్కల నీడలో పులిహోర ఎప్పుడు తిందామా అన్న ఆలోచనే ఎక్కువ. చివరికి బీచ్ గట్టు మీద కూర్చుని తిన్నాం.

అక్కణ్ణుంచి 1971 యుద్ధంలో మన నేవీ గెలుపుకి గుర్తుగా కట్టిన విక్టరీ ఎట్ సీ స్మారకం. టికెట్ లేదు. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక మునిగింది ఈ తీరంలోనే. మన యుద్ధనౌక రాజ్‌పుత్ ముంచిందని మనవాళ్ళు, లోపలే ఏదో పేలిందని వాళ్ళు. మావాడు దీని మీద నాతో వాదన పెట్టుకున్నాడు. అత్తయ్యకి అప్పుడు పద్దెనిమిదేళ్ళు, పుట్టిల్లు విశాఖ వన్ టౌన్‌లో. "ఎవులు ముంచితే ఏటి బాబూ, మా కిటికీలు మాత్రం గడగడలాడిపోనాయి. దీపాలార్పేసి చీకట్లో కూకున్నాం, మా నాన్న అగ్గిపుల్ల కూడా గియ్యనివ్వలేదు" అంది. పెళ్ళయి పదిహేనేళ్ళయినా ఈ మాట నేనెప్పుడూ వినలేదు.

ఆఖరున విశాఖ మ్యూజియం. పాత డచ్చివారి బంగళా, 1991లో మ్యూజియంగా తెరిచారు. సబ్‌మెరైన్ దగ్గరున్న జనంలో పదో వంతు కూడా ఇక్కడ లేరు, టికెట్టూ చవకే. జమీందార్ల కత్తులు, బట్టలు, నాణేలు చూస్తూ వెళ్తే రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ వాళ్ళు వేసిన, పేలని బాంబు. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద బాంబులు పడ్డాయి. ఆ రోజు వాళ్ళమ్మ కట్టుబట్టలతో ఎడ్లబండెక్కి భోగాపురం వైపు వెళ్ళిపోయిందని అత్తయ్య చెప్పింది. పొయ్యి మీద అన్నం అలాగే వదిలేసి వెళ్ళారట. నాకైతే మొత్తం రోజులో ఈ పావుగంటే ఎక్కువ విలువ చేసింది. పైగా ఇక్కడ వంగి దూరే తలుపుల్లేవు.

"మామ్మా, ఇది మీ అమ్మావాళ్ళింటి మీద పడుంటే?" అన్నాడు మావాడు.

"పడలేదు కదా. పద, బస్సు పోద్ది."