పట్టుచీర పెట్టెలో డ్రాగ్‌స్టర్: తిరుపతి, చిత్తూరుల్లో నాలుగు రోజులు

తిరుపతి ప్రయాణమంటే మా ఇంట్లో సామాన్ల జాబితా మా ఆవిడే రాస్తుంది. ఈసారి అందులో ఒక పట్టుచీర అట్టపెట్టె చేరింది, కానీ లోపల చీర లేదు. ఎనిమిది నెలలుగా నేను కడుతున్న టాప్ ఫ్యూయల్ డ్రాగ్‌స్టర్ మోడల్ ఉంది. డ్రాగ్‌స్టర్ అంటే తిన్నటి దారి మీద కొద్ది సెకన్ల పరుగు పందేనికి కట్టే సన్నటి, పొడవాటి కారు; అందులో అన్నిటికన్నా వేగమైన రకం టాప్ ఫ్యూయల్. అసలు కారులో 25వ వంతు. అసలు కారుకు ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసు దాకా 300 అంగుళాలు. 25తో భాగిస్తే సరిగ్గా అడుగు. ముక్కూ రెక్కలూ కలిస్తే ఇంకో రెండు మూడు అంగుళాలు. చెప్పుల పెట్టెలో పట్టదు. చీర పెట్టెలో మూల నుంచి మూలకు పడుకోబెడితే పట్టింది, వెనక రెక్క మాత్రం ఊడదీసి దూదిలో చుట్టాను. నారాయణాద్రిలో రాత్రంతా పై బెర్తు మీద నా తల పక్కనే పెట్టుకున్నాను. ఎదురు బెర్తు పెద్దాయన ఆ పెట్టె చూసి, "కల్యాణోత్సవం చేయిస్తున్నారా బాబూ?" అని అడిగాడు. మా ఆవిడ కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది.

దర్శనం టికెట్లు రెండో రోజు మధ్యాహ్నానికి దొరికాయి. మిగిలిన సమయమంతా నాది. నా పని జాబితా కూడా చిన్నదేం కాదు: ప్లగ్గు వైర్లు పదహారు, ఛాసిస్‌కు అడ్డగొట్టాలు, ఎగ్జాస్టు పైపులు, కారును నిలబెట్టే చెక్క పీట. హైదరాబాద్‌లో ఉండి ఇవన్నీ ఆన్‌లైన్‌లో తెప్పిస్తే వస్తువు కన్నా పంపిన ఖర్చే ఎక్కువవుతుంది.

ముందు బస సంగతి. యాత్రకు మాత్రమే వచ్చేవాళ్ళకు టీటీడీ వసతి ముందుగా ఆన్‌లైన్‌లో దొరికితే వేరే ఆలోచన అక్కర్లేదు. విష్ణునివాసం రైల్వే స్టేషన్‌కు ఎదురుగా, శ్రీనివాసం బస్టాండుకు ఎదురుగా ఉంటాయి. మాకు దొరకలేదు. స్టేషన్‌కు నాలుగడుగుల దూరంలో ఒక లాడ్జిలో దిగాం. మంచం బాగుంది, వేడినీళ్ళు తెల్లవారుజామున నాలుగింటికే వచ్చాయి, మా ఆవిడ మంచి మార్కులు వేసింది. నా మార్కులు వేరు. మోడల్ కట్టేవాడు గదిలో చూసుకోవాల్సినవి మూడు: బల్ల, దీపం, నేల. బల్ల లేదు. దీపం తలుపు మీద ఉంది, నా నీడ నా పని మీదే పడేది. ఫ్యాన్ రెగ్యులేటర్ తిప్పితే ఒకటే వేగం, లేకపోతే ఆగిపోవడం. ఇక నేల! పాతకాలం మొజాయిక్ గచ్చు. నలుపు, తెలుపు, ఎరుపు రాతి ముక్కలు చల్లినట్టుండే నేల మీద మూడు మిల్లీమీటర్ల ముక్క జారిపడితే దేవుడే వెతికి పెట్టాలి.

జారనే జారింది. టాప్ ఫ్యూయల్ ఇంజనుకు ఒక్కో సిలిండరుకు రెండు ప్లగ్గులు, వాటికి నిప్పు అందించడానికి రెండు మాగ్నెటోలు ఉంటాయి. అందులో ఒకదాని మూత ఫ్యాన్ గాలికి ఎగిరి మంచం కింద ఎక్కడో పడింది. ఫోన్ టార్చి నేలకు ఆనించి వెతికితే నీడను బట్టి చిన్న ముక్కలు దొరుకుతాయి, ఆ చిట్కా కూడా పనిచేయలేదు. పొద్దున్నే లేచి వెతుకుదామని పడుకున్నాను. మేం టిఫినుకెళ్ళి వచ్చేలోగా గది ఊడ్చేశారు. మేనేజరుకు చెప్తే "ఆవగింజంత ప్లాస్టిక్కు కోసం చెత్తబుట్ట తిరగేయమంటారా సార్?" అన్నాడు. ఆయన కోణంలో తప్పేమీ లేదు. అయినా ఆ మధ్యాహ్నమే ఖాళీ చేశాం.

రెండోది కపిలతీర్థం రోడ్డు వైపు. అద్దె కాస్త ఎక్కువ. తెల్లటి టైల్స్, అద్దం పరిచిన బల్ల, గోడకు ట్యూబ్‌లైటు. తెల్ల నేల మీద ఏం పడ్డా కనిపిస్తుంది. పైగా ఆ లాడ్జి వరండాలో నాకొక సంబరం దొరికింది. రెండడుగుల టైల్స్ లెక్కపెడితే మా గుమ్మం నుంచి లిఫ్టు దాకా సరిగ్గా ఇరవై. అంటే 40 అడుగులు. దాన్ని 25తో హెచ్చిస్తే 1,000 అడుగులు. టాప్ ఫ్యూయల్ కార్లు ఇప్పుడు పరుగెత్తే దూరం అంతే! పూర్వం పావు మైలు, 1,320 అడుగులు ఉండేది. 2008 జూన్‌లో అమెరికాలోని ఇంగ్లిష్‌టౌన్ పందెంలో స్కాట్ కలిట్టా అనే డ్రైవరు చనిపోయాక, కారు ఆగడానికి ఎక్కువ చోటుండాలని తగ్గించారు. నాలుగు సెకన్ల లోపే ఆ దూరం దాటేస్తారు, చివరికి గంటకు 500 కిలోమీటర్ల పైన వేగం. లాడ్జి కుర్రాడు టీ ట్రేతో అదే వరండా దాటడానికి పదిహేను సెకన్లు పట్టింది. లెక్కపెట్టాను.

ఇక కొనుగోళ్ళు. రుయా ఆసుపత్రి పరిసరాల్లో మందుల షాపులకు కొదవలేదు. ఒకదాంట్లోకి వెళ్ళి "18 నంబరు సూదులు పది కావాలి, సిరంజీలు వద్దు" అన్నాను. కౌంటరు వెనకాయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. నా మోచేతుల దాకా చూశాడు. పెట్టె మూత తీసి చూపించక తప్పలేదు. అంగుళంపావు మందం ఉక్కు గొట్టాన్ని 25తో భాగిస్తే 1.27 మిల్లీమీటర్లు. 18 నంబరు సూది బయటి మందం కూడా 1.27 మిల్లీమీటర్లే! గులాబీ రంగు మొదలుండే సూది అడిగితే అదే. లోపల బోలుగా ఉంటుంది కాబట్టి కోసిన చివర అచ్చం గొట్టంలాగే కనిపిస్తుంది. ముక్కోణపు ఆకురాయితో చుట్టూ గీత పెట్టి విరిస్తే శుభ్రంగా తెగుతుంది. ముందు మొన విరిచి సీసాలో వేసేయాలి, ఎక్కడబడితే అక్కడ పారేయకూడదు. కథంతా విన్నాక ఆయన పది సూదులూ ఇచ్చి, ఇంకో రెండు "కారుకి" అని ఊరికే ఇచ్చాడు.

ప్లగ్గు వైర్లకు మోటార్ రివైండింగ్ షాపును మించింది లేదు. అసలు వైరు ఎనిమిది మిల్లీమీటర్లు, మన కొలతలో 0.32. రాగి తీగ 30 గేజ్ అంటే 0.315. "నూరు గ్రాములకు తక్కువైతే తూచను" అంటూనే, కాలిపోయిన పంపు మోటారు నుంచి విప్పిన చుట్టలో మిగిలింది చేతిలో పెట్టాడాయన. నల్లగా మాడిన ఎనామెల్ గీకి నీలం రంగు వేశాను. ఎగ్జాస్టు పైపులకు పక్క రేడియో రిపేరు షాపులో రెండు మిల్లీమీటర్ల సీసం తీగ తీసుకున్నాను. వేలితో వంచితే మడత పడకుండా వంగుతుంది. ఈ పైపులు పైకీ వెనక్కీ తిరిగి ఉంటాయి. అందం కోసం కాదు, ఆ మంటల తోపుడు కారును నేలకు అదుముతుంది. అందుకే ఎనిమిదీ ఒకే వాలులో లేకపోతే తెలిసినవాడి కంటికి ముల్లులా గుచ్చుకుంటాయి.

డబ్బు దండగైంది ఒక్కచోటే. బైకులకు రేడియం స్టిక్కర్లు కోసే షాపులో కారు పక్కలకు అక్షరాలు చేయించాను. మనిషి మర్యాదస్తుడు, పని చకచకా చేశాడు. కానీ ఆ వినైల్ మందం దాదాపు 0.08 మిల్లీమీటర్లు. అసలు కారు మీద ఊహించుకుంటే రెండు మిల్లీమీటర్ల రేకు అతికించినట్టు! నీళ్ళలో నానబెట్టి జార్చే డెకాల్సే దీనికి దిక్కు. నాలా తొందరపడకండి.

దర్శనం సంగతి క్లుప్తంగా: బాగా జరిగింది. పెట్టెను లాడ్జిలోనే వదిలాను. సూదులు, కత్తి, ఆకురాయి ఉన్న సంచితో అలిపిరి తనిఖీ దగ్గర నిలబడి డ్రాగ్ రేసింగ్ గురించి ఉపన్యాసం ఇవ్వాలన్న కోరిక నాకు లేదు.

మూడో రోజు పొద్దున్నే మాధవమాల. శ్రీకాళహస్తి దారిలో ఏర్పేడు మీదుగా వెళ్ళాలి, చెక్క శిల్పాలకు పేరున్న ఊరు. ఊళ్ళోకి నేరుగా బస్సు కోసం చూసే కన్నా ఏర్పేడులో ఆటో మాట్లాడుకోవడం మేలు, రానూపోనూ ముందే ఒప్పుకోండి. వీధి మొదట్లోనే ఉలి చప్పుడు వినిపిస్తుంది. వెంకటేశ్వరస్వామి, వినాయకుడు, సగం చెక్కిన గరుత్మంతుడు. వాళ్ళ మధ్య నేను పదహారంగుళాల టేకు పలక కావాలన్నాను, దేనికో చూపించాను. శిల్పి కారును చేతిలోకి తీసుకోలేదు, అరచేయి కింద పెట్టి ఎత్తాడు. వస్తువు విలువ తెలిసిన చేయి.

"డ్రైవరు ఇంజనుకు ముందుండాడే సార్, పేలితే?" అన్నాడు.

ముందుండటమే మంచిదైంది అని చెప్పాను. ఒకప్పుడు డ్రైవరు ఇంజను వెనక, గేర్‌బాక్సుకు అటూ ఇటూ కాళ్ళు పెట్టుకుని కూర్చునేవాడు. 1970 మార్చి 8న కాలిఫోర్నియాలో లయన్స్ అనే పందెం దారి మీద పేరున్న రేసరు డాన్ గార్లిట్స్ కారు బయల్దేరీ బయల్దేరగానే ట్రాన్స్‌మిషన్ పేలింది. కారు రెండు ముక్కలైంది, ఆయన కుడి పాదం సగం పోయింది. ఆ దెబ్బతో ఇంజనును వెనక్కి మార్చే పని పట్టాడు. 1971 మొదట్లో ఆ కారుతోనే పొమోనాలో వింటర్ నేషనల్స్ అనే పెద్ద పందెం గెలిచాడు. అంతకు ముందూ కొందరు అలాంటివి కట్టారు గానీ, ఆ గెలుపు తర్వాతే అందరూ ఆ దారి పట్టారు. శిల్పి ఉలి పక్కన పెట్టి విన్నాడు. "కాలు పోగొట్టుకోని మళ్ళీ అదే బండెక్కినాడా?" అని మాత్రం అన్నాడు. పలకకు జిగురు వద్దని, వెనక చక్రాలు కూర్చునేటట్టు రెండు పల్లాలు తీస్తానని ఆయనే చెప్పాడు. వెనక టైర్లలో గాలి ఏడు పీఎస్ఐకి అటూ ఇటూ అంతే, బయల్దేరేటప్పుడు పక్కలు ముడతలు పడి నేలకు అణుగుతాయి. ఆ పల్లాల్లో నా టైర్లు నిజంగానే అణిగినట్టు కనిపించాయి. మూడు గంటల పని. బేరమాడలేదు.

సాయంత్రం బస్సులో చిత్తూరు, డెబ్బై కిలోమీటర్ల దారి. బస తోడల్లుడి ఇంట్లో, రాగి సంగటి, నాటుకోడి పులుసుతో. ఈ బసకు మార్కులు వేస్తే ఇంట్లో గొడవ. ఒక్క మాట, మూడేళ్ళ పిల్లాడున్న ఇంట్లో మోడల్‌ను బీరువా మీద పెట్టండి.

పొద్దున కాణిపాకం వెళ్ళొచ్చాక తోడల్లుడు తనకు తెలిసిన లారీ షెడ్డుకు తీసుకెళ్ళాడు. మేస్త్రీకి అరవై దాటి ఉంటాయి. చేతులు గుడ్డకు తుడుచుకుని, కళ్ళజోడు నుదుటి మీద నుంచి దించి కారు మీదికి వంగాడు.

"రేడియేటరు యాడుండాది సామీ?"

లేదన్నాను. బ్లాకులో నీళ్ళు తిరిగే దారులే ఉండవు, మొత్తం అల్యూమినియం దిమ్మ. నాలుగు సెకన్ల పనికి నీళ్ళెందుకు? పరుగు అవగానే ఇంజను విప్పి, పిస్టన్లు, క్లచ్చు ప్లేట్లు చూసి మళ్ళీ బిగిస్తారు.

"గేరుబాక్సు?"

అదీ లేదు. వరసగా క్లచ్చు ప్లేట్లు, పరుగులో అవి టైము ప్రకారం ఒక్కొక్క మెట్టు బిగుసుకుంటూ పోతాయి. ఇంజను 8.2 లీటర్లే, శక్తి మాత్రం 11,000 హార్స్‌పవర్ అంటారు. కిటుకు దాని ఇంధనం నైట్రోమీథేన్‌లో ఉంది. పెట్రోలు ఒక కిలో మండాలంటే దాదాపు పదిహేను కిలోల గాలి కావాలి. నైట్రో తనలోనే ఆక్సిజన్ మోసుకొస్తుంది, కిలోకు రెండు కిలోల గాలి కూడా అక్కర్లేదు. అందుకే అదే గాలికి ఎన్నో రెట్లు ఇంధనం పోయొచ్చు. బర్నౌట్‌తో, అంటే పందేనికి ముందు టైర్లు వేడెక్కేలా గిర్రున తిప్పడంతో కలిపి, ఒక్క పరుగుకు 50 లీటర్ల దాకా తాగుతుంది.

"యాభై లీటర్లా! మన లారీ బెంగుళూరు పొయ్యేస్తాది గదా," అని షెడ్డులో కుర్రాళ్ళ వైపు చూసి నవ్వాడు. తర్వాత ఇంజను నెత్తి మీద, లోపలికి గాలి తోసే బ్లోయర్‌ను వేలితో చూపించి "ఇది టర్బో కాదు, బెల్టుతో తిరగతాది" అని తనే తేల్చాడు. నిజమే, దాని మూలాలు డీజిల్ ఇంజన్లవే. పాత జీఎం (జనరల్ మోటార్స్) టూ స్ట్రోక్ డీజిల్ 6-71 అంటే ఆరు సిలిండర్లు, ఒక్కోటి 71 ఘనపుటంగుళాలు. దాని బ్లోయర్‌ను రేసువాళ్ళు ఎత్తుకెళ్ళారు. ఇప్పటి పెద్దదాన్ని 14-71 అంటారు, పద్నాలుగు సిలిండర్ల ఇంజను లేకపోయినా. లారీ సామానే అసలు తాత అని తెలిశాక మేస్త్రీ ఇంకా దగ్గరికి వంగాడు. చాలాసేపు ఏం మాట్లాడలేదు. నేను ప్లగ్గు వైర్లు మెచ్చుకుంటాడని చూస్తున్నాను.

"సామీ, ట్యాంకు ముందరుండాది, ఇంజను ఎనకాల ఉండాది. నడిమద్దెన పైపు లేదే?"

ఎనిమిది నెలలు! పదహారు వైర్లు లెక్కపెట్టి పెట్టినవాణ్ణి, సెకనుకు లీటర్ల కొద్దీ నైట్రో పారే గొట్టం మరిచిపోయాను. డ్రైవరు పక్క నుంచి వెనక్కి, ఇంజను ముందున్న పంపు దాకా రావాలది.

మేస్త్రీ కుర్రాణ్ణి పిలిచి ఆటో వైరు ముక్క తెమ్మన్నాడు. బ్లేడుతో చివర గాటు పెట్టి, కటింగ్ ప్లేయరుతో లోపలి రాగి మొత్తం ఒక్క లాగున లాగేశాడు. నల్లటి తొడుగు మిగిలింది, బోలుగా, జానెడు పొడవు. నా స్కేలు పెట్టి చూశాను, రెండు మిల్లీమీటర్లు. డబ్బులడిగితే చేయి అడ్డంగా ఊపి లారీ కిందికి దూరిపోయాడు.

తిరుగు ప్రయాణం చిత్తూరు నుంచే, వెంకటాద్రిలో. రైలు రావడానికి ఇంకా గంట ఉంది. ప్లాట్‌ఫారం బెంచీ మీద ట్యూబ్‌లైటు కింద పెట్టె విప్పాను. నేల సిమెంటుది, నునుపుగా ఉంది. మా ఆవిడ పట్టకారు పట్టుకుని కూర్చుంది, నేను తొడుగును కొలిచి కోశాను.