ముడుమాల్ నిలువురాళ్ల దగ్గర ప్లేటు దిక్సూచి పనితనం

నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో పాతకాలపు మనుషులు నిలబెట్టిన రాళ్ల వరుసలు సూర్యుడి దిక్కును పట్టిస్తాయా అని పరీక్షించడానికి ప్లేటు దిక్సూచి, అంటే పారదర్శక ప్లేటుకు బిగించిన దిక్సూచి, చాలు. అక్కడ జూన్ 21న సూర్యుడు ఉత్తరం నుంచి సుమారు 65 డిగ్రీల దగ్గర, డిసెంబర్ 21న 114 దగ్గర పొడుస్తాడు.

ప్లేటు అంచును రెండు రాళ్ల నడిములను కలిపే వరుస వెంట గురిపెట్టి, ముల్లు నిలిచాకే చదవండి. దిక్సూచి మీద గీతలు 2 డిగ్రీలకొకటి. దగ్గరి రాళ్లను ఎంచుకుంటేనే చిక్కు: 10 మీటర్ల దూరంలో గురి 35 సెంటీమీటర్లు జరిగితే 2 డిగ్రీలు పోయినట్టే. దూరపు జతే మేలు.

ఇనుప కంచెకు, బండికి ఎడంగా నిలబడండి. అయస్కాంతం ఉన్న కవరుతో ఫోన్ దిక్సూచిని అసలు నమ్మొద్దు. ద్రవంలో బుడగ పెద్దదైతే ముల్లు తడబడుతుంది, మార్చేయండి. ఈ ముల్లేదీ లేకుండానే ఆ పాతకాలపు మనుషులు మనిషిని మించిన బండలు నిలబెట్టారు, ఎంత ఓపిక!