హుద్‌హుద్ నుంచి మొంథా దాకా: వికీపీడియాలో తుఫాను పేజీలు రాస్తూ పదకొండేళ్లు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మా విశాఖ మీదుగా తీరం దాటింది. ఆ రోజు వికీపీడియా సంగతి నాకు అసలు గుర్తే లేదు. ఆ తర్వాత చాలా రోజులు కరెంటు లేదు, ఫోన్లో సిగ్నల్ లేదు, పొద్దున్నే లేచి పాల ప్యాకెట్ కోసం, తర్వాత పెట్రోలు కోసం లైన్లో నిలబడడమే పని. అన్నీ మళ్లీ వచ్చాక, మా ఊరి గురించి ఏం రాశారో చూద్దామని ఇంగ్లిష్ వికీపీడియా తెరిస్తే పేజీ అప్పటికే చాంతాడంత అయిపోయింది. గాలి వేగం, పీడనం, తుఫాను దారి మ్యాపు, ఒడిశా సంగతులు, నేపాల్లో మంచుతుఫానుకి చనిపోయిన ట్రెక్కర్లు, అన్నీ ఉన్నాయి. రాసినవాళ్లలో ఎక్కువమంది జన్మలో విశాఖ చూసి ఉండరు. అయినా పెద్ద తప్పులేమీ కనపడలేదు. ఆశ్చర్యం వేసింది, నిజం చెప్పాలంటే కాస్త ఉక్రోషం కూడా వచ్చింది. ఖాతా తెరిచింది ఆ ఉక్రోషంతోనే.

అప్పటి నుంచి తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ తుఫాను పేజీల్లో దిద్దుబాట్లు చేస్తూనే ఉన్నాను. తిత్లీ, పెథాయ్, ఫణి, గులాబ్, మిచాంగ్, మొన్నటి మొంథా. ఇంతకాలం వాడాక ఇది ఎలా ఉంటుందో, ఎంతవరకు నమ్మొచ్చో నాకు తెలిసినంత రాస్తున్నాను.

ముందు బాగున్నది చెప్తాను. బంగాళాఖాతంలో వాయుగుండం పడిందని వాతావరణ శాఖ చెప్పిన కాసేపటికే ఎవరో ఒకరు ఆ ఏడాది తుఫాన్లన్నీ ఉండే సీజన్ పేజీలో ఒక పేరా పెట్టేస్తారు. పేరు పెట్టగానే విడి పేజీ వస్తుంది. ఎవరూ ఎవరికీ పని అప్పగించరు, అయినా ఒకాయన గాలి వేగాలే చూసుకుంటాడు, ఇంకొకరు ఒడిశా వార్తలు, మరొకరు వ్యాకరణం. దారి మ్యాపు మాత్రం చేత్తో గీసేది కాదు, తుఫాను ఎప్పుడు ఎక్కడుందో ఆ అంకెలిస్తే ఒక చిన్న ప్రోగ్రామ్ గీసిపెడుతుంది. ఉపగ్రహ చిత్రాలు దాదాపు అన్నీ నాసావే. మన ఇన్‌శాట్ చిత్రాలు ఎందుకు పెట్టరని నేనూ మొదట్లో గొడవపడ్డాను. నాసా బొమ్మలకి సాధారణంగా కాపీరైటు ఉండదు, మన ప్రభుత్వం బొమ్మలకి 60 ఏళ్లు ఉంటుంది, అంతే సంగతి. మన సముద్రంలో పుట్టిన తుఫానుకి అమెరికా వాడి ఫొటో, చేసేదేం లేదు.

గాలి వేగం దగ్గర మాత్రం వికీ టీవీల కన్నా చాలా నయం. మన వాతావరణ శాఖ 3 నిమిషాల సగటు తీస్తుంది, అమెరికా నేవీ వాళ్ల కేంద్రం 1 నిమిషం సగటు తీస్తుంది. అందుకే హుద్‌హుద్‌కి ఒక లెక్కలో గంటకి 185 కిలోమీటర్లు, ఇంకో లెక్కలో 215. టీవీలో ఏది పెద్దగా ఉంటే అది ఎర్ర అక్షరాల్లో తిరుగుతుంది. వికీ పేజీ పక్కన ముఖ్యమైన అంకెలుండే సమాచారపెట్టెలో రెండూ వేర్వేరు వరసల్లో, ఏది ఎవరి లెక్కో రాసి ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు పెద్ద అంకెని తెచ్చి చిన్న అంకె స్థానంలో పెట్టి వెళ్లిపోతుంటారు, మేం వెనక్కి తిప్పుతుంటాం, ప్రతి తుఫానుకీ ఇదే తంతు.

తీవ్రత పేర్లది ఇంకో గోల. అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుఫాను, తీవ్ర తుఫాను, అతి తీవ్ర తుఫాను, ఇంతవరకు పత్రికల్లో మాటలున్నాయి. 2015లో వాతావరణ శాఖ దానిపైన ఇంకో మెట్టు చేర్చింది, ఆ పైన సూపర్ సైక్లోన్ ఎలాగూ ఉంది. ఈ రెండిటికీ పత్రికలు తోచినట్టు 'పెను తుఫాను' అనేస్తాయి. 2014లో హుద్‌హుద్‌ని అతి తీవ్ర తుఫాను అన్నారు, ఇప్పటి కొలతతో చూస్తే ఆ కొత్త మెట్టులోకి వస్తుంది. ఏది రాయాలి? నేను అప్పుడు ఏమన్నారో అదే ఉంచాలంటాను, నాతో ఒప్పుకోనివాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల వాదన కూడా కొట్టిపారేసేది కాదు.

తెలుగు వికీలో వేరే తలనొప్పులు. తుఫానా, తుపానా, లేక తుఫాన్ అని పొల్లుతో ఆపాలా అన్న దగ్గరే ఒక రోజు పోతుంది (నేను ఫ వాడతాను, ఎందుకంటే మా ఇంట్లో అలాగే అంటారు, ఇంతకంటే శాస్త్రీయమైన కారణం నా దగ్గర లేదు). 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటినదానికి పేరు మయన్మార్ ఇచ్చింది. ఇంగ్లిష్ అక్షరాలు చూసి చదివితే మిచాంగ్, వాతావరణ శాఖ చెప్పిన ఉచ్చారణ ప్రకారం మిగ్‌జాం. పత్రికల్లో రెండూ వచ్చాయి. ఫణి బంగ్లాదేశ్ ఇచ్చిన పేరు, వాళ్ల నోట్లో అది ఫొని. ఇలాంటప్పుడు ఒక పేరుతో వ్యాసం పెట్టి మిగతా పేర్లతో వెతికినా అక్కడికే చేరేలా దారిమార్పులు పెట్టడం తప్ప మార్గం లేదు. పేరు మీద పోట్లాడుకునే టైములో ప్రకాశం జిల్లాలో పంట నష్టం పేరా రాసెయ్యొచ్చని చర్చ పేజీలో ఒకసారి అన్నాను, ఎవరూ పట్టించుకోలేదు. పోట్లాట పక్కన పెట్టేసి రాయాల్సింది నేనే కదా, నేనూ రాయలేదు.

గడియారం సంగతి కూడా చెప్పాలి. తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. మనకది 11, ప్రపంచ ప్రామాణిక కాలంలో ఇంకా 10 రాత్రే, మనం అయిదున్నర గంటలు ముందుంటాం కాబట్టి. ఎక్కడో యూరప్‌లో ఉన్నాయన 10 అని మార్చాడు, నేను 11 అని తిప్పాను, ఆయన మళ్లీ తిప్పాడు. మూడోసారి తిప్పబోతూ ఆగి చర్చ పేజీలో అడిగితే ఇద్దరం కరెక్టే అని తేలింది. అప్పటి నుంచి తేదీ పక్కన ఏ కాలమానమో రాయకుండా నేను దిద్దుబాటు భద్రపరచను.

ఇక నమ్మకూడనిది, మృతుల సంఖ్య, ముఖ్యంగా మొదటి నెలలో. ఒక తుఫాను సమయంలో రాత్రి రెండింటికి నిద్రమత్తులో రెండు జిల్లాల లెక్కలు కలిపి మొత్తం అని రాశాను, అందులో ఒక జిల్లా రెండుసార్లు పడింది. పొద్దున లేచి చూసి సరిదిద్దేలోపు ఒక వార్తా సైట్ ఆ అంకె ఎత్తుకుపోయింది. తర్వాత ఇంకెవరో వచ్చి అదే సైట్‌ని మూలంగా చూపించి నా తప్పుని మళ్లీ పేజీలో పెట్టారు. నా తప్పుకి నేనే మూలమై కూర్చున్నాను. దాన్ని తీయించడానికి నాలుగు రోజులు పట్టింది, ఎందుకంటే అంకెకి ఇప్పుడు మూలం ఉంది, అది తప్పు అనడానికి నా దగ్గర నా మాట తప్ప ఏమీ లేదు. ఆ నాలుగు రోజుల టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

గుంపు కట్టడం వల్ల వచ్చే రోగాలు కూడా ఉన్నాయి. ఇంగ్లిష్ వికీలో తుఫానుల ప్రాజెక్టు, అంటే ఆ పేజీలు రాసేవాళ్ల జట్టు, 2005లో మొదలైంది, అందులో కుర్రాళ్లు ఎక్కువ, ఉత్సాహం ఇంకా ఎక్కువ. వికీ బయట డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో మాట్లాడుకుని వచ్చి చర్చల్లో ఒకే వైపు వాలిపోతున్నారన్న వ్యవహారం 2022లో అక్కడి గొడవలు తేల్చే మధ్యవర్తిత్వ సంఘం దాకా వెళ్లింది, కొందరి మీద చర్యలు తీసుకున్నారు. తెలుగులో ఆ భయం లేదు. అందరూ మాట్లాడుకునే రచ్చబండ పేజీలో ఏదైనా అడిగితే నలుగురు జవాబిస్తే గొప్ప, ఇంక గుంపెక్కడిది.

నాకున్న అసలు ఫిర్యాదు తుఫాను వెళ్లిపోయాక మొదలవుతుంది. తీరం దాటిన రాత్రి ఒకే పేరా మీద పదిమంది పడి ఒకరి మార్పుకి ఒకరి మార్పు అడ్డొచ్చే దిద్దుబాటు ఘర్షణలు వస్తుంటాయి. నెల తిరిగేసరికి అందరూ ఇంకో సముద్రంలో ఇంకో తుఫాను దగ్గరుంటారు. వాతావరణ శాఖ పూర్తి నివేదిక తీరిగ్గా వస్తుంది, అందులో తీరం దాటిన చోటు, గాలి, పీడనం అన్నీ సరిచూసి ఇస్తారు, దాన్ని చదివి పేజీ సరిచేసేవాడు ఒక్కడు మిగిలితే అదృష్టం. తిత్లీకి శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి తోటలు, జీడి తోటలు నేలకి ఒరిగిపోయాయి. కొబ్బరి మొక్క పెట్టి కాయ కోయాలంటే ఏళ్లు కావాలి. ఆ ఏళ్ల గురించి రాయాలంటే నాలుగేళ్ల తర్వాత ఎవరైనా ఆ పల్లెలకి వెళ్లి పత్రికలో రాసి ఉండాలి, అది ఆ పేజీ మీద కన్నేసి వీక్షణ జాబితాలో పెట్టుకున్న ఎవడికో కనపడాలి. మొంథా 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటితే మర్నాడు వరంగల్, హనుమకొండ నీళ్లలో మునిగాయి. తుఫాను పేజీ రాసేవాడి కళ్లు తీరం మీదే ఉంటాయి, లోపలి ఊళ్లు చివర ఒక వాక్యంలో వస్తాయి. ఈసారి ఆ భాగం నేను పట్టుకున్నాను, ఇంకా అవలేదు.

పాత తుఫాన్లయితే మరీ. 1977 నవంబరు 19 ఉప్పెనకి ఇంగ్లిష్‌లో పేజీ పేరు ఆంధ్రప్రదేశ్ సైక్లోన్, మనకి దివిసీమ ఉప్పెన అంటే తప్ప అర్థం కాదు. చనిపోయినవాళ్లు 10 వేలనీ, 14 వేల పైనేననీ, 50 వేల దాకా అనీ మూడు రకాల లెక్కలు దొరుకుతాయి, మూడూ ఉంచి ఏది ఎవరు చెప్పారో రాయడమే మేం చేయగలిగింది. మా పెద్దమ్మది ఆ వైపు ఊరు. ఎవరి ఇంట్లో ఎంతమంది పోయారో వీధి వీధినా చెప్తుంది, ఎక్కడా తడబడదు. అదేదీ పేజీలోకి రాదు. మౌలిక పరిశోధన, అంటే ఎక్కడా అచ్చుకాని సొంత సమాచారం, కూడదన్న నియమం ఉంది, ఆ నియమం సరైనదే, అది లేకపోతే నా రాత్రి రెండింటి లెక్కలాంటివి ఇంకా వంద ఉండేవి. అయినా ఆవిడ చెప్తుంటే వింటూ కూర్చోవడం కష్టంగానే ఉంటుంది.

నక్షత్రాలు ఇవ్వమంటే చదివేవాళ్లకి అయిదుకి నాలుగు: తేదీ, దారి, గాలి చూసుకోండి, ప్రాణనష్టం మాత్రం ఆరు నెలలాగి చూడండి. రాసేవాళ్లకి మూడు, తెలుగులో రాస్తే మూడున్నర, ఎందుకంటే రెండు మూడు వాక్యాల మొలకగా పడి ఉన్న వ్యాసాన్ని రెండు ఆదివారాల్లో మనిషి చదివేలా చెయ్యొచ్చు, మధ్యలో ఎవరూ అడ్డం రారు. హుద్‌హుద్ ఫొటోలు మీరు తీసినవే ఫోన్లో ఉంటే వికీ వాళ్ల ఫొటోల భండారం కామన్స్‌లో ఎక్కించండి, నాసా వాడి ఫొటోలో మా కైలాసగిరి మీద విరిగిన చెట్టు కనపడదు.

చిత్తుప్రతులు రాసుకునే నా ప్రయోగశాల పేజీలో 2014లో రాసుకున్న మొదటి పేరా ఇంకా ఉంది. ఆ మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది, అయిపోయిందనుకుని జనం మేడల మీదికి, వీధుల్లోకి వచ్చారు, తుఫాను కన్ను మా మీదుగా పోతోందని ఎవరికీ తెలియదు, తర్వాత గాలి ఎదురు వైపు నుంచి కొట్టింది. ఆ పేరా చివర 'మూలం కావాలి' అని గుర్తు (వికీ భాషలో మూస) పెట్టింది నేనే.